డెల్టా గాలికి గ్లో ఇంజిన్ కుదర్చడం

మోడల్ విమానాలకు వాడే గ్లో ఇంజిన్‌లో స్పార్క్ ఉండదు. సిలిండర్ హెడ్‌లో బిగించిన గ్లో ప్లగ్‌లో సన్నటి ప్లాటినం తీగచుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తగిలిస్తే అది ఎర్రగా కాలుతుంది. ఇంజిన్ అందుకున్నాక బ్యాటరీ తీసేయవచ్చు. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకినప్పుడు జరిగే రసాయన చర్య, అంతకుముందు మండిన వేడి కలిసి చుట్టను ఎర్రగానే ఉంచుతాయి. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో ఈ ప్లగ్‌ను మార్కెట్లోకి తెచ్చాక చిన్న విమానాల మీద కాయిల్, కండెన్సర్, బ్యాటరీల బరువు తప్పింది. దాంతోపాటే స్పార్క్ టైమింగ్ మార్చుకునే వీలూ పోయింది. ఇంధనం, గాలి పాళ్లను బట్టే మంట వేళ మారుతుంది కాబట్టి ట్యూనింగ్ భారమంతా కార్బ్యురేటర్‌లో ఇంధనాన్ని అదుపు చేసే నీడిల్ మీదే పడింది.

ఇంధనంలో ప్రధాన భాగం మిథనాల్. నైట్రోమీథేన్ సాధారణంగా 5 నుంచి 15 శాతం, నూనె 20 శాతం దాకా ఉంటాయి. ఆ నూనె ఆముదమో, సింథటిక్కో, రెండూ కలిపిందో కావచ్చు. ఆముదం విపరీతమైన వేడిలోనూ పిస్టన్‌ను కాపాడుతుంది. అయితే జిగురు తీసి శుద్ధి చేసిన రకమే వాడాలి. టూ స్ట్రోక్ ఇంజిన్‌కు వేరే ఆయిల్ ఉండదు. మిశ్రమం లీన్ అయితే, అంటే గాలితో పోలిస్తే ఇంధనం తక్కువైతే, ఇంధనంతోపాటు నూనె కూడా తగ్గుతుంది, సరిగ్గా అప్పుడే వేడి పెరుగుతుంది. చిన్న ఇంజిన్లు పాడవడానికి ఇంతకు మించిన కారణం లేదు.

కృష్ణా డెల్టాలో చదునైన నేలకు కొదవ లేదు గానీ అది ఖాళీగా దొరకదు. వరి కోతలు అయ్యీ కాకముందే పొలంలో మినుము చల్లుతారు. మినుము చేతికొచ్చాక, మళ్లీ కాలవలకు నీళ్లు వదిలేదాకానే పొలాలు ఖాళీ. అంటే ఎగరేయడానికి చోటు దొరికేది ఎండలు మండే రోజుల్లోనే. గాలి 20 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు 8 శాతం తగ్గుతుంది. తీరప్రాంతపు ఉక్కపోత తోడైతే ఆక్సిజన్ ఇంకాస్త తగ్గుతుంది. నీడిల్‌ను కదపకపోయినా మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే ఇంధనం పాలు ఎక్కువవుతుంది, దానివల్ల నష్టం లేదు. నష్టమంతా మధ్యాహ్నం కుదిర్చిన నీడిల్‌తో మర్నాడు పొద్దున్నే చల్లగాలిలో ఎగరేసినప్పుడు. 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో కుదిర్చిన ఇంజిన్‌ను బెజవాడ తెచ్చినా అంతే. ఇక్కడి గాలి చిక్కన, కాబట్టి నీడిల్ కొంచెం తెరవాలి.

శిక్షణ విమానాల్లో ఎక్కువగా కనిపించే .40 ఇంజిన్ అంటే సుమారు 6.5 సీసీ. దానికి 10×6 ప్రొపెల్లర్ సరిపోతుంది. ట్యాంకు మధ్యభాగం కార్బ్యురేటర్ నీడిల్ ఎత్తుకు సమంగా, లేదా కొద్దిగా కిందికి ఉండాలి. ట్యాంకు చోటు తప్పితే నీడిల్ ఎంత తిప్పినా ఇంజిన్ కుదరదు. కొత్త ఇంజిన్‌ను మొదటి కొన్ని ట్యాంకులు రిచ్‌గా నడపాలి. రింగు లేని ఏబీసీ రకాన్ని మాత్రం మరీ చల్లగా నడపకూడదు. దాని సిలిండర్ పైభాగం కావాలనే ఇరుకుగా చేస్తారు, వేడెక్కితేనే పిస్టన్‌కు సరిపడా వదులవుతుంది.

ఆటోనగర్ మెకానిక్ స్కూటర్ కార్బ్యురేటర్‌ను కుదిర్చినట్టు ఇక్కడా చెవే కొలమానం. ముందు థ్రాటిల్ పూర్తిగా తెరిచి హైస్పీడ్ నీడిల్‌ను ఒక్కో క్లిక్కు బిగించుకుంటూ పోవాలి. తడిగా, బరువుగా ఉన్న మోత పదునెక్కుతుంది. వేగం ఇక పెరగని చోటు వచ్చాక నీడిల్‌ను వెనక్కి తిప్పి 300 నుంచి 500 ఆర్పీఎం తగ్గించాలి. మఫ్లర్ నుంచి తెల్లటి పొగ గీత కనబడుతుండాలి. అప్పుడు ఇంధన గొట్టాన్ని క్షణంపాటు నొక్కి వదిలితే వేగం కొద్దిగా పెరిగి మళ్లీ దిగాలి. పెరగకుండానే ఇంజిన్ నీరసిస్తే అది లీన్. చివరగా విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు పైకెత్తి చూడాలి. ఆ భంగిమలో మోత కుంగితే నీడిల్ ఇంకా తెరవాలి. అత్యధిక వేగం దగ్గరే నీడిల్ వదిలేయడం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా తప్పే.

ఐడిల్ సంగతి దాని తర్వాతే. అర నిమిషం నెమ్మదిగా నడిపి థ్రాటిల్ ఒక్కసారి తెరిచినప్పుడు పొగ లేకుండా టక్కున ఆగితే లోస్పీడ్ స్క్రూ లీన్. పొగ కక్కుతూ తడబడి అందుకుంటే రిచ్. ఎనిమిదో వంతు తిప్పుతో సరిచేసి మళ్లీ చూడాలి.

నీడిల్ ముట్టుకునేటప్పుడు ప్రొపెల్లర్ వెనకే ఉండాలి, పక్కన గానీ ఎదురుగా గానీ నిలబడకూడదు. సాయంత్రం ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం మండిపోయేదాకా నడిపి, కార్బ్యురేటర్‌లో నాలుగు చుక్కల ఆఫ్టర్ రన్ ఆయిల్ వేయాలి. మిథనాల్ తేమను పీల్చుకుంటుంది, ఆ తడికి బేరింగులు తుప్పు పడతాయి. పైగా అది విషం, దాని మంట పగటి వెలుతురులో కంటికి ఆనదు. ఆ ఇంధనాన్ని మంచినీళ్ల సీసాల్లో పోయకండి, పిల్లలకు అందేచోట ఉంచకండి.