పాఠము తెలియని తల్లి

"నీకు తెలీదులే అమ్మా!" అని మా పెద్దమ్మాయి యొకనాటి రాత్రి తన పుస్తకమును నా వైపునుండి త్రిప్పుకొన్నది. అప్పుడు దానిది పదవ తరగతి. నేను తెలుగు మాధ్యమమున ఆ తరగతితోనే చదువు చాలించినదానను. దాని పుస్తకములన్నియు ఇంగ్లీషు. పిల్ల యన్నమాటలో అబద్ధము లేదు. అయినను ఆ పూట నాకన్నము సహింపలేదు. సోదరీమణులలో ననేకుల కీయనుభవము కలిగియే యుండును.

అంతకు ముందు నేను చేసిన సహాయ మెట్టిదో చెప్పెదను, నవ్వకుడు. దాని పటములకు నేనే రంగులు వేసి యిచ్చెడిదానను. సైన్సు రికార్డులో బొమ్మలు నేనే గీసెడిదానను. నదులెచ్చట పుట్టి యెచ్చట సముద్రమున గలయునో నాకు కంఠస్థమయ్యెను. పిల్లయో, పరీక్షలో ఖాళీ పటము చేతికిచ్చినప్పుడు కృష్ణానదిని గోదావరికి ఉత్తరమున గీసి వచ్చినది! పిల్ల పని తల్లి చేసినచో వచ్చెడి విద్య తల్లికే వచ్చును గదా.

ఆ దినములలో మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చినది. ఆమెకు ఓనమాలు రావు. అయినను మా మేనమామచేత ప్రతి సాయంకాలమును ఎక్కములు, పద్యములు ఒప్పజెప్పించుకొనెడిది. పుస్తకమును తలక్రిందుగా పట్టుకొనియున్నను, తడబడినచోట మాత్రము "నిన్న ఈ మాట లేదురా" అని పట్టివేసెడిదట. నేనును అట్లే చేయదలచితిని. కాని చిలుకపలుకులు వలదనియు, పుస్తకము మూసి తెలుగులో నాకర్థమగునట్లు చెప్పుమనియు అమ్మాయి నడిగితిని. అది విసుగుకొనుచునే వంటయింటిలో పీట వేసికొని కూర్చున్నది.

ఆనాటి పాఠము ఆకులు ఆహారము తయారుచేసికొనుటను గూర్చి. "ఆకును నీళ్లలో ఉడికించి, ఆల్కహాలులో మరిగించి, కడిగి, అయోడిను చుక్కలు వేయాలి. పిండిపదార్థం ఉన్నచోట నీలినలుపు వస్తుంది" అని గడగడ చెప్పినది. నేను పప్పు కలుపుచు, "ఆల్కహాలు మంటమీద పెడితే అంటుకోదుటే?" అంటిని. పిల్ల నోరు మూతపడెను. పుస్తకము తెరచి చూచినది: ఆ పాత్రను మంటపై నేరుగా పెట్టరాదు, వేడినీటి గిన్నెలో నుంచవలెను. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగును, నీరు 100 డిగ్రీలకు. కావున వేడినీరే చాలును. "మరి ఆల్కహాలులో అసలు ఎందుకు మరిగించాలి?" అని మరల నడిగితిని. ఆకులోని పచ్చదనము దిగిపోయిననే గాని నీలివన్నె కనబడదట. ఈ రెండు ప్రశ్నలు వేయుటకు నాకు ఇంగ్లీషు అక్కరలేకపోయినది. పొయ్యి తెలిసియుండుట చాలినది.

ఈ పద్ధతికి శాస్త్రాధారమును గలదు. అమెరికాలో రోడిగర్, కార్పికీ అను మనశ్శాస్త్రజ్ఞులు 2006వ సంవత్సరమున నొక పరిశోధనను ప్రకటించిరి. కొందరు విద్యార్థులచేత ఒక పాఠమును మరల మరల చదివించిరి. మరికొందరిచేత చదివిన పాఠమును చూడకుండ జ్ఞప్తికి తెచ్చుకొని వ్రాయించిరి. ఐదు నిమిషములైన పిదప పరీక్షింపగా మరల చదివినవారే మెరుగుగా నుండిరి. వారము గడచిన పిమ్మట ఫలము తారుమారై, చూడకుండ వ్రాసినవారికే ఎక్కువ జ్ఞప్తియందున్నది. పిల్లలు "అంతా వచ్చేసింది" అని పుస్తకము మూయుటయు, పరీక్షనాడు వెలవెలబోవుటయు ఎందువలననో దీనివలన తెలియుచున్నది. కావున నిన్నటి పాఠమును నేడును, నాలుగు దినములాగి మరలను అడుగవలెను.

ఇంకొక సదుపాయము. ఆంధ్రప్రదేశమున 2020 తరువాతను, తెలంగాణమున 2022 నుండియు ప్రభుత్వ పాఠశాలలకు ఒక పుట ఇంగ్లీషు, ఎదుటి పుట తెలుగు గల పుస్తకములు రాసాగినవి. అవి మీ యింటనున్నచో తెలుగుపుటను మీరు ముందుగా చదివి యుంచుకొనవచ్చును.

లెక్కల విషయమున మాత్రము తొందరపడరాదు. లెక్కను పైకి చదివించి, ఇచ్చినదేమి, కనుగొనవలసినదేమి అని అడిగినంతనే సగము చిక్కు వీడును. అప్పటికిని రానిచో గైడులోనుండియో ఫోనులోనుండియో దింపుకొననీయక, ఎచ్చట ఆగిపోయెనో అచ్చట గీతపెట్టి మరునాడు ఉపాధ్యాయుని అడుగుమని పంపవలెను. పూర్తికాని లెక్క తీసికొనిపోవుట తప్పని మన పిల్లలకు మనమే నేర్పినాము.

రాత్రి నిద్ర తగ్గింపరాదనియు, ఫోను వేరొక గదిలో నుంచవలెననియు మీరెరిగినవే. అందరును ఎరిగియు చేయని పని వేరొకటి గలదు. మగపిల్లవాడు పుస్తకము పట్టినచో ఇల్లంతయు నిశ్శబ్దమగును. ఆడపిల్ల పుస్తకము పట్టినచో గిన్నెలు జ్ఞప్తికి వచ్చును. మా యింటను అట్లే జరిగినది. అమ్మాయి చదువునప్పుడు మంచినీళ్లకు నేను పిలిచిన సారులు లెక్కించిన, ఒక్కగంటలో ఐదు. ఆ సంగతి అదియే కాగితముమీద గీతలు గీసి నాకు చూపినది. అప్పటినుండి ఆ గంటలో నీళ్లు వారి నాన్నగారే తెచ్చుకొనుచున్నారు.

ఇప్పుడు మా చిన్నవాడు ఎనిమిదవ తరగతి. పాఠము చెప్పుటకు వాడు వంటయింటికి రాడు, అక్కయ్యకే చెప్పెదనని మారాము. అది నాకంటె కఠినముగా ప్రశ్నలు వేయుచున్నది.