‘సర్దుకుపో’ అనని అక్క కావాలి

శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి మండలంలో ఏ ఊళ్లోనైనా ఒక ఇల్లాలు దెబ్బలు తింటే, పోలీసులకన్నా ముందే కనిపెట్టగలిగేవాళ్లు ముగ్గురున్నారు. పొదుపు సంఘం లెక్కలు రాసే వీఓఏ, బిడ్డ బరువు చూసే అంగన్‌వాడీ కార్యకర్త, ఇంటింటికీ తిరిగే ఆశా. వాయిదా కట్టడానికి రాని మనిషి ఎందుకు రాలేదో, వచ్చిన మనిషి కొంగు నిండా కప్పుకుని ఎందుకు కూర్చుందో వాళ్లకు అర్థమవుతుంది. ఆ క్షణాన వాళ్ల నోట వచ్చే మొదటి మాట మీద ఆమె బతుకు చాలావరకు ఆధారపడి ఉంటుంది. మన ఊళ్లలో ఆ మాట తరచూ ఒకటే: “పిల్లలున్నారు కదమ్మా, సర్దుకుపో.”

ఆ మాట అన్న అక్క చెడ్డది కాదు. ఆమెకు పుట్టింటా అత్తింటా అదే నేర్పారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో దాదాపు 84 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, పెళ్లయిన స్త్రీలలో 30 శాతం మంది భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. కార్యకర్తలూ ఈ స్త్రీలలోంచి వచ్చినవాళ్లే. కొందరు తామే దెబ్బలు తిని ఉంటారు. అందుకే వాళ్లకిచ్చే శిక్షణను సెక్షన్ల నంబర్లతో మొదలుపెడితే లాభం లేదు. నా ఇంట్లో ఎవరి మాట చెల్లుతోంది, నా కోడలి మీద నేను చెయ్యెత్తానా, నా కూతురికి ఏం చెప్పి పంపాను అన్న ప్రశ్నలు ముందు రావాలి. ఉగాండాలోని కంపాలాలో ‘సాసా’ కార్యక్రమం ఊరివాళ్లనే కార్యకర్తలుగా తీసుకుని, ఇంట్లో అధికారం ఎవరిదన్న చర్చతోనే మొదలైంది. అది జరిగిన పేటల్లో భార్యల మీద శారీరక హింస మిగతా పేటలకన్నా 52 శాతం తక్కువగా ఉందని 2014లో వచ్చిన అధ్యయనం తేల్చింది.

మనకూ పునాది లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా తెచ్చే చేటు గురించి మాట్లాడుకున్నారు. ఆ మాటలే ఉద్యమమై, మరుసటి ఏడాది అక్టోబరుకల్లా రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 2000లో పేదరిక నిర్మూలనకు వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. తర్వాత మహిళా సమాఖ్యల్లో సామాజిక కార్యాచరణ కమిటీలు, కుటుంబ సలహా కేంద్రాలు వచ్చాయి.

అయితే పొదుపు సంఘాల్లో ఒక చిక్కుంది. అప్పు వసూలు చేసేదీ గోడు వినాల్సిందీ ఒకే మనిషి. అప్పు భార్య పేరున ఉంటుంది, డబ్బు భర్త చేతిలో ఉంటుంది, వాయిదా నాడు గొడవ. ఆ గొడవలో దెబ్బలు తిన్న మనిషి నిజం చెబితే “కట్టకుండా తప్పించుకోడానికి సాకు” అంటారని భయపడుతుంది. పైగా ఊళ్లో కార్యకర్త ఆమెకు వరసకు ఆడపడుచో తోడికోడలో అవుతుంది. చెప్పిన మాట సాయంత్రానికి అత్తగారి చెవిన పడితే రాత్రి మళ్లీ దెబ్బలే. వసూలు చేసే మనిషినీ వినే మనిషినీ వేరు చేయాలి. పదిమంది కూర్చున్న సమావేశంలో అడగకూడదు. విన్నది ఎక్కడా అనకూడదు. శిక్షణలో ఎక్కువ రోజులు వీటికే ఇవ్వాలని నా అభిప్రాయం.

చట్టం ఆ తర్వాత. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్న గృహహింస చట్టం దెబ్బలను మాత్రమే హింస అనదు. చెన్నైకో హైదరాబాదుకో వలసపోయిన భర్త ఖర్చులకు డబ్బు పంపకుండా కడుపు మాడ్చడం కూడా దాని కింద హింసే. మొగుణ్ని జైల్లో పెట్టించడం ఇష్టంలేని ఆడమనిషి కూడా దీన్ని ఆశ్రయించవచ్చు. ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులు, మళ్లీ చెయ్యెత్తకుండా ఉత్తర్వు కోరవచ్చు. కోర్టు కోటబొమ్మాళిలోనే ఉంది. మొదటి వాయిదా నుంచి 60 రోజుల్లో తేల్చడానికి మేజిస్ట్రేటు ప్రయత్నించాలని చట్టం చెబుతుంది.

కార్యకర్తలకు బాగా ఒంటబట్టాల్సిన నిబంధన మరొకటుంది. ఈ చట్టం కింద జరిగే కౌన్సెలింగ్‌లో కొట్టినవాడు తన చేతకు సమర్థన చెప్పుకోకూడదు. కూర విసిరికొట్టిందనీ, ఎదురు మాట్లాడిందనీ చెప్పడానికి వీల్లేదు. కౌన్సెలింగ్ మొదలుపెట్టక ముందే ఆ సంగతి అతనికి తెలియజేయాలి. మన పెద్దమనుషుల తగువులు నడిచేది దీనికి పూర్తిగా తలకిందులుగా. ముందు ఆమె తప్పేమిటో వెతుకుతారు, చివర ఇద్దరినీ మందలించి పంపేస్తారు. సలహా కేంద్రాలు కూడా అదే బాట పట్టి రాజీల లెక్క చూపించుకుంటే అవి ఉన్నా లేనట్టే. ఎన్ని జంటలను కలిపారన్నది కొలత కాకూడదు. ఆరు నెలల తర్వాత వెళ్లి, ఆమె దెబ్బల్లేకుండా ఉందో లేదో చూడాలి.

ఆ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే, దేశం మొత్తమ్మీద హింస అనుభవించిన స్త్రీలలో సాయం కోరింది 14 శాతమే. మిగతావాళ్లు అడిగేదాకా ఆగితే వాళ్లు అడగరు. జిల్లా సమాఖ్యలు, ఐసీడీఎస్ అధికారులు ఈ శిక్షణను ఏటా ఒక పూట సభతో సరిపెట్టకుండా, నెలనెలా జరిగే సమావేశాల్లో భాగం చేయాలి. ఇది చదివే మీకూ ఒక మాట: పక్కింట్లో కేక వినిపిస్తే 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. బాధితురాలే చేయనక్కర్లేదు. గృహహింస చట్టం కింద నియమించే రక్షణాధికారికి సద్భావంతో సమాచారం ఇచ్చినవారి మీద ఏ కేసూ నిలవదని అదే చట్టంలోని నాలుగో సెక్షన్ చెబుతోంది.