డీజిల్ ఇంజన్‌లో ఇంధన లీకు: మూలాన్ని గుర్తించడం, సరిచేయడం

జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ పరిసరాలలో దేవాదుల ఎత్తిపోతల పథకం, చెరువులు, బోర్ల కింద వరి సాగవుతోంది. దమ్ము నుండి కోత వరకు ప్రధాన పనులు ట్రాక్టరు, వరికోత యంత్రం వంటి డీజిల్ ఇంజన్లపైనే ఆధారపడి ఉన్నాయి. వీటిలో ఇంధన లీకును చిన్న లోపంగా భావించి వదిలివేయడం సరికాదు. మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన, సెకనుకు ఒక్క చుక్క కారినా ఎనిమిది గంటల పనిలో సుమారు 1.4 లీటర్ల డీజిల్ వృథా అవుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం డీజిల్ కనిష్ఠ ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీల సెల్సియస్. యాసంగి కోతల కాలంలో పగటి ఉష్ణోగ్రత దీనిని మించుతుంది. కాబట్టి వేడెక్కిన సైలెన్సరుపై చిందిన డీజిల్ అగ్నిప్రమాదానికి దారితీయగలదు.

లీకు లక్షణాలు

లీకు ఏ భాగంలో ఉన్నదో దాని లక్షణమే తెలుపుతుంది.

1. ట్యాంకు నుండి ఫీడ్ పంపు వరకు: ఇక్కడ సందు ఏర్పడితే డీజిల్ బయటికి కారడానికి బదులు గాలి లోపలికి చేరవచ్చు. బయట తడి కనిపించదు; కాని ఇంజన్ ఆలస్యంగా అందుకొంటుంది, వేగం హెచ్చుతగ్గులకు లోనై ఆగిపోతుంది.

2. ఫీడ్ పంపు నుండి ఇంజెక్షన్ పంపు వరకు: పీడనం తక్కువ. ఫిల్టరు మూత, బాంజో బోల్టుల వద్ద చెమ్మ కనిపిస్తుంది.

3. ఇంజెక్షన్ పంపు నుండి ఇంజెక్టర్ల వరకు: పాత తరహా ఇంజన్లలోనే పీడనం సుమారు 200 బార్ ఉంటుంది. డీజిల్ పొగమంచులా చిమ్ముతుంది.

4. లోపలి లీకు: పంపు సీలు దెబ్బతింటే డీజిల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం పెరగడం, ఆయిల్ పలుచబడి డీజిల్ వాసన రావడం దీని గుర్తులు. బేరింగులకు నష్టం కలిగించే ఈ లీకును గుర్తించిన వెంటనే ఇంజన్ ఆపివేయాలి.

మూలాన్ని గుర్తించే విధానం

తడిసిన చోటే లీకు ఉన్నదని భావించరాదు. డీజిల్ పైనుండి క్రిందికి జారుతుంది. ఫ్యాను గాలికి వెనుకకు చెదరుతుంది. అందువల్ల చల్లారిన ఇంజన్‌ను పూర్తిగా తుడిచి, తక్కువ పీడనం గల జాయింట్లపై సుద్దపొడి చల్లి, కొద్ది నిమిషాలు నడిపి, మొదట తడిసిన అన్నిటికన్నా ఎత్తైన చోటును గమనించాలి. అధిక పీడన గొట్టాలను అట్టముక్కతోనే పరీక్షించాలి. చేతితో తడిమితే సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకొని లోనికి పోతుంది. గాయం సూదిపోటంతే కనిపించినా, నొప్పి లేకపోయినా, వెంటనే శస్త్రచికిత్స వసతి గల ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

మరమ్మతు

ఇంజన్ ఆపి, విప్పే భాగం చుట్టూ మట్టిని ముందుగా శుభ్రపరచాలి. బాంజో బోల్టుకు రెండు వైపులా ఉన్న రాగి వాషర్లను రెండింటినీ మార్చాలి. లీకు ఆగలేదని పానాతో అతిగా బిగిస్తే మరలు చెడి సమస్య పెరుగుతుంది. పగిలిన రబ్బరు గొట్టానికి బదులు డీజిల్‌ను తట్టుకొనే గొట్టాన్నే క్లిప్పుతో అమర్చాలి. సబ్బు, టేపు తాత్కాలికంగా ఆపినా, వాటి తునకలు ఫిల్టరులోకి, నాజిల్‌లోకి చేరుతాయి. పగిలిన అధిక పీడన గొట్టానికి వెల్డింగు పనికిరాదు. అదే పొడవు, అదే లోవ్యాసం గల కొత్తది వేయాలి.

తరువాత చేతిపంపు నొక్కుతూ మొదట ఫిల్టరు వద్ద, పిదప ఇంజెక్షన్ పంపు వద్ద స్క్రూ వదులు చేసి, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు గాలిని తొలగించాలి. కామన్ రైల్ ఇంజన్లలో పీడనం 1,000 బార్‌కు మించుతుంది. 2023 జనవరి నుండి 50 హెచ్‌పీ మించిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార ప్రమాణాలు అమలులోకి రావడంతో ఇవి గ్రామాలకు చేరుతున్నాయి. వీటి అధిక పీడన భాగాలను పొలంలో విప్పరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు, గ్రామాలలో శిక్షణ పొందే విద్యార్థులు కోతలకు ముందే డ్రైవర్లకు ఈ పరీక్షను ప్రత్యక్షంగా చూపడం మేలు. పొడిగుడ్డ, సుద్దపొడి, అట్టముక్క మాత్రమే అవసరమైన ఈ ప్రదర్శన ఇంధనంతో పాటు చేతులనూ, పంటనూ కాపాడుతుంది.