గనిలో పనిచేసినవారు కీళ్ళవాతపు ఇంజెక్షనుకు ముందు చెప్పవలసిన సంగతి

కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. చిత్తూరు, ఉత్తర ఆర్కాటు ప్రాంతాలనుండి వచ్చి చాంపియన్ రీఫ్ వంటి గనులలో దిగినవారి కుటుంబాలు నేడు రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేటలలోను, బెంగళూరులోను నివసిస్తున్నాయి. గని మూతపడినను, ఊపిరితిత్తులలో చేరిన రాతిధూళి వారిని విడువలేదు. మన దేశంలో సిలికోసిస్ వ్యాధి తొలిసారిగా 1947లో వెల్లడైనది ఈ గనుల కార్మికులలోనే.

ఆ ధూళి చేసే హాని అర్థం కావలెనన్న సైటోకైన్లనే ప్రోటీన్లను గూర్చి తెలియవలెను. ఇవి రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకొనే సందేశాలు. గని అడుగున గంట మోగించినంత మాత్రాన కేజీ పైకి రాదు. పైన వైండింగ్ ఇంజిన్ డ్రైవరు విని యంత్రాన్ని నడపవలెను. సైటోకైన్ ఆ గంట అయితే, కణంపై నుండే గ్రాహకం డ్రైవరు చెవి. గ్రాహకం లేని కణానికి ఆ సందేశం వినబడదు.

ఊపిరితిత్తులలోని భక్షక కణాలు సిలికా రేణువులను మింగుతాయి గాని జీర్ణించుకొనలేవు. ఇంటర్‌ల్యూకిన్-1, టీఎన్ఎఫ్ అనే సైటోకైన్లను విడుదల చేసి అవి నశిస్తాయి. బయటపడిన రేణువును మరొక కణం మింగుతుంది. గంట మోగుతూనే ఉంటుంది. క్రమంగా మెత్తని కణజాలం మచ్చకట్టి బిగుసుకొంటుంది. ఆ మచ్చను తొలగించే మందు నేటికీ లేదు. ఇట్టి ఊపిరితిత్తులకు క్షయ సోకే ప్రమాదం అధికం.

సిలికా ధూళి వలన రుమటాయిడ్ కీళ్ళవాతం వచ్చే అవకాశమూ పెరుగుతుంది. ఆ వ్యాధికి నేడు టీఎన్ఎఫ్‌ను అడ్డగించే ఇంజెక్షన్లు ఉన్నవి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ అనునవి టీఎన్ఎఫ్‌ను పట్టుకొనే ప్రతిరక్షకాలు. ఎటానెర్సెప్ట్ మరింత చమత్కారమైనది: గ్రాహకపు భాగంతోనే దానిని తయారుచేశారు, అది సందేశాన్ని దారిలోనే ఆపివేస్తుంది.

అయితే క్షయ సూక్ష్మజీవులను గూడుకట్టి బంధించి ఉంచుటకు శరీరానికి కావలసినదీ ఆ టీఎన్ఎఫే. గనులు మూతపడిన 2001లోనే, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడిన 70 మందిలో క్షయ బయటపడినట్లు అమెరికాలో ఒక నివేదిక వెలువడినది. కావున మందు ఆరంభించుటకు ముందు ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేక ఇగ్రా పరీక్ష జరుపుతారు. ఇగ్రా రక్తంలో కొలిచేది ఇంటర్‌ఫెరాన్-గామా అనే మరొక సైటోకైన్‌నే. నిద్రాణ క్షయ ఉన్నచో ముందుగా నివారణ చికిత్స ఇస్తారు.

వైద్యుడు అడుగకపోయినను, గనిలో ఏ పని ఎన్నేళ్ళు చేసినదీ, ఇంటిలో ఎవరికైనా క్షయ వచ్చినదీ చెప్పండి. కేజీఎఫ్ అనగానే నేటి యువ వైద్యునికి సినిమా గుర్తుకు రావచ్చును గాని డ్రిల్లు ధూళి గుర్తుకు రాదు. పాత ఎక్స్‌రేలు, ఉద్యోగ పత్రాలు ఉంటే వెంట తీసుకువెళ్ళండి. ఇంజెక్షను మొదలైన తరువాత రెండు వారాలకు మించి దగ్గు, సాయంకాలపు జ్వరం, బరువు తగ్గుట కనిపించినచో, తదుపరి మోతాదుకు ముందే వైద్యుని కలవండి. క్షయకు సంబంధించిన జాతీయ సహాయవాణి: 1800-11-6666.