గీయని గీతకు జైలు

2020 జనవరి 6న వాఘా గేటు దాటి 20 మంది ఇవతలి నేల మీద కాలు పెట్టారు. అందరూ ఉత్తరాంధ్ర మత్స్యకారులే. 2018 నవంబరులో గుజరాత్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్ గస్తీకి చిక్కారు. వాళ్లు కరాచీ జైల్లో ఉండగానే పుల్వామా, బాలాకోట్ జరిగాయి. ఒక్కో వార్తా వాళ్ల విడుదలను ఇంకాస్త వెనక్కి నెట్టేదే. 'తండేల్' సినిమాకు ఆధారం వీళ్ల కథే.

సిక్కోలు (శ్రీకాకుళం) మనిషి గుజరాత్‌లోని వెరావల్ దాకా ఎందుకెళ్తాడు? ఊరి ముందు సముద్రం ఉంది, పెద్ద బోటు నిలిచే రేవు లేదు. అందుకే అక్కడి షావుకారు బోటులో కలాసీగా చేరి నెలల తరబడి వేట చేస్తాడు. సింధు నది తెచ్చి పోసే ఒండ్రు వల్ల కచ్ మొగన చేప ఎక్కువ. చందువ, కచిడి పడితే ఆ ట్రిప్పు గిట్టుబాటైనట్టే. చేప ఎటు పోతే వల అటు.

అక్కడ దాటకూడని గీత ఏదో రెండు ప్రభుత్వాలే తేల్చుకోలేదు. కచ్, సింధ్‌ల మధ్య ఉన్న సర్ క్రీక్ 96 కిలోమీటర్ల ఉప్పుటేరు. 1914 నాటి బొంబాయి ప్రభుత్వ తీర్మానం చూపించి, తూర్పు గట్టే హద్దని పాకిస్తాన్ అంటుంది. నడి ఏరే హద్దని మనం అంటాం. ఏటి మొగ ఎవరిదో తేలితేగానీ అక్కణ్నుంచి సముద్రంలోకి గీత సాగదు. 2007లో ఇద్దరూ కలిసి సర్వే చేశారు. సంతకాలు మాత్రం పడలేదు.

తీర దేశపు సముద్ర ఆర్థిక మండలి (ఈఈజెడ్)లో చేపలు పట్టిన నేరానికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేకుంటే, జైలు కూడదని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణం చెబుతోంది. పూచీకత్తు తీసుకుని బోటునూ మనుషులనూ త్వరగా వదలాలి. రెండు దేశాలూ దాన్ని ఆమోదించినవే. అయినా చొరబాటు కేసులు పెడుతున్నారు. శిక్ష పూర్తయి, ఏ దేశస్థుడో తేలిన నెలలోగా పంపేయాలని 2008లో రాసుకున్న ఒప్పందం వేరే ఉంది. ఆ 'తేలడం' దగ్గరే ఏళ్లు గడుస్తున్నాయి. కరాచీలో చెప్పిన పేరు, ఊరు ఇస్లామాబాద్, ఢిల్లీ మీదుగా వచ్చి, ఇక్కడ పోలీసు వాకబు జరిగి, మళ్లీ అదే దారిన వెనక్కి వెళ్లాలి.

ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవడం మాత్రం తప్పలేదు. 2025 మేలో పోరు జరిగాక కూడా జులై 1న మార్చుకున్నారు. మనవాళ్లు లేదా మనవాళ్లని భావిస్తున్న మత్స్యకారులు 193 మంది వాళ్ల దగ్గర, వాళ్ల మత్స్యకారులు 81 మంది మన దగ్గర ఉన్నట్టు అందులో తేలింది. అంత వేడిలోనూ కాగితం కదిలిందంటే నాకు ఆశ పుడుతుంది. కాగితం కదిలి మనిషి కదలకపోతే కోపం వస్తుంది. పాకిస్తాన్‌లోని ఠట్టా తీరంలోనూ ఇలాగే భర్త కోసం, కొడుకు కోసం ఎదురుచూసే ఇళ్లున్నాయి.

రెండు దేశాల విశ్రాంత న్యాయమూర్తులు కలిసి జైళ్లకు వెళ్లి ఖైదీలను చూసే కమిటీ ఒకటి ఉండేది. 2013 తర్వాత ఆ పర్యటనలు ఆగిపోయాయి. సర్ క్రీక్ సంతకాల కోసం ఆగకుండా, ముందు ఆ న్యాయమూర్తులను మళ్లీ పంపాలి.