ఉద్యోగం మానేశారా? మీ వస్తువులు వదులుకోకండి!

ఉద్యోగం మానేయడమంటే రాజీనామా కాగితం ఇచ్చేసి ఇంటికి వచ్చేస్తే అయిపోదు. అక్కడ మనవంటూ బోలెడు వస్తువులు ఉండిపోతాయి. టిఫిను డబ్బా, గొడుగు, చలికాలం కప్పుకునే శాలువా, డ్రాయర్లో కళ్ళజోడు. కుట్టు పనికి వెళ్ళేవాళ్ళకి సొంత కత్తెర, టేపు. వంటకి వెళ్ళేవాళ్ళకి ఇంటి నుంచి పట్టుకెళ్ళిన మూకుడు, అట్లకాడ. వీటన్నిటికంటే ముఖ్యమైనవి, చేరేటప్పుడు "చూసి ఇచ్చేస్తాం" అని తీసుకుని బీరువాలో పెట్టేసుకున్న అసలు సర్టిఫికెట్లు!

మానేసిన మర్నాటి నుంచే మనం పరాయివాళ్ళమైపోతాం. "మేడమ్ లేరు", "బీరువా తాళాలు అకౌంటెంటు దగ్గరున్నాయి", "నోటీసు డబ్బు కట్టి తీసుకెళ్ళండి" అంటూ తిప్పుతారు. నాలుగుసార్లు తిరిగాక విసుగొచ్చి "పోతే పోనీలే" అనుకుంటాం. టిఫిను డబ్బానైతే అలా అనుకోవచ్చు. టెన్త్ సర్టిఫికెట్‌ని ఎలా అనుకుంటాం చెప్పండి?

లెక్క వేరు, వస్తువు వేరు

ఈ ఒక్క మాటా గట్టిగా గుర్తుపెట్టుకోండి. మనం వాళ్ళకి డబ్బు బాకీ ఉన్నామా లేదా అన్నది ఒక లెక్క. మన వస్తువు మనకివ్వడం వేరే సంగతి. బాకీ ఉందని వాళ్ళనుకుంటే అడగొచ్చు, కోర్టుకి వెళ్ళొచ్చు. అంతేగానీ మన సర్టిఫికెట్లు తాకట్టు నగలు కావు.

మన దేశంలో కాంట్రాక్టు చట్టం 1872 నుంచీ ఉంది. పాత బాకీల కింద ఎదుటివాళ్ళ సరుకు అట్టిపెట్టుకునే హక్కు బ్యాంకర్ల వంటి కొద్దిమందికే ఉందని అందులో 171వ సెక్షన్ చెబుతుంది. మిగతావాళ్ళకి ఆ హక్కు ఉండాలంటే ముందే అలా ఒప్పందం జరిగి ఉండాలి. ఫీజు ఇవ్వలేదని వకీలు తన కక్షిదారు కేసు కాగితాలు ఆపుకోకూడదని సుప్రీంకోర్టు 2000లో తీర్పిచ్చింది. ఆ కాగితాలు అమ్ముకునే సరుకు కాదు గనుక వాటికి ఈ సెక్షన్ వర్తించదని చెప్పింది. మన సర్టిఫికెట్లు మాత్రం ఎవరు కొంటారు!

అలాగని బాండు రాసి ఇచ్చినా ఏమీ కాదనుకోకండి. మూడేళ్ళు నిండకుండా మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని 2025 మే నెలలో ఒక బ్యాంకు ఉద్యోగి కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అది డబ్బు లెక్క. దానికీ కాగితాలు దాచుకోవడానికీ ముడి పెట్టనివ్వకూడదు.

మా ఇంట్లో జరిగింది

2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 టీచరు పోస్టులకి మెగా డీఎస్సీ పడింది కదా. మా ఆడపడుచు కూతురు దానికి పరీక్ష రాసింది. అంతకుముందు రెండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో చేసి మానేసింది. టెన్త్, ఇంటర్, డిగ్రీ, బి.ఎడ్. అసలు కాగితాలన్నీ ఆ స్కూల్లోనే ఉన్నాయి. అడిగితే "మూడు నెలల జీతం కట్టి తీసుకెళ్ళు" అన్నారు. పిల్ల జీతం నెలకి 12,000. అంటే 36,000 కట్టాలి! డీఎస్సీలో పేరొస్తే వెరిఫికేషన్‌కి అసలు కాగితాలే చూపించాలి. వాళ్ళ నాన్న అప్పు చేసైనా కట్టేస్తానన్నారు. పిల్ల రాత్రంతా ఏడుపు.

"అన్నయ్యగారూ, ఆగండి. ముందు కాగితం మీద అడుగుదాం" అన్నాను. ఏ సర్టిఫికెట్టు, ఏ సంవత్సరం, హాల్ టికెట్ నంబరు ఎంత, అన్నీ జిరాక్సులు చూసి పిల్ల చేతే రాయించాను. స్కూల్లో ఆ ఉత్తరం తీసుకోలేదు. స్పీడ్ పోస్టులో పంపాం. వారం చూసి, కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవల ఆఫీసుకి వెళ్ళాం. పైసా తీసుకోకుండా వాళ్ళు స్కూలుకి నోటీసు పంపారు. నాలుగో రోజున "వచ్చి తీసుకెళ్ళండి" అని ఫోను!

వెళ్ళి లెక్క చూస్తే ఇంటర్ మార్కుల మెమో లేదు. సంతకం పెట్టకుండా అక్కడే కూర్చున్నాం. వెతికితే ఇంకో టీచరు ఫైల్లో దొరికింది. చేతిలో జాబితా ఉంది గనుకే ఆ సంగతి బయటపడింది.

ఎలా అడగాలి?

ముందుగా వస్తువుల జాబితా రాసుకోండి. చీరైతే రంగు, గిన్నె అయితే దాని మీద పేరు, సర్టిఫికెట్టు అయితే నంబరు.

తర్వాత ఉత్తరం. నాలుగు ముక్కలు చాలు: "నేను ఫలానా తేదీ నుంచి మీ దగ్గర పని చేసి, ఫలానా తేదీన మానేశాను. ఈ కింద రాసిన వస్తువులు మీ దగ్గర ఉన్నాయి. ఏడు రోజుల్లోగా ఇప్పించగలరు. ఏ రోజు, ఎన్ని గంటలకి రమ్మంటారో తెలియజేయగలరు." తిట్లూ శాపనార్థాలూ రాయకండి. రెండు కాపీలు పట్టుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. పెట్టకపోతే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచుకోండి. పాత రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు.

వాళ్ళ తాళాలు, గుర్తింపు కార్డు, యూనిఫాం మన దగ్గరుంటే ఇచ్చేసి, ఇచ్చినట్టు రాయించుకోండి. మనం కడుక్కున్నాకే ఎదుటివాళ్ళని అడగడం మర్యాద.

తీసుకోవడానికి ఒంటరిగా వెళ్ళకండి. అన్నీ సరి చూసుకున్నాకే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద వద్దే వద్దు.

అప్పటికీ ఇవ్వకపోతే 15100కి ఫోను చేయండి. అది న్యాయ సేవల నంబరు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. నమ్మి అప్పగించిన వస్తువుని దురుద్దేశంతో కాజేస్తే అది నేరం కూడా. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 316వ సెక్షన్.

"పోయాయని అఫిడవిట్ రాసిచ్చి డూప్లికేట్లు తెచ్చుకో" అని కొందరు సలహా ఇస్తారు. ఎక్కడున్నాయో తెలిసి కూడా పోయాయని రాయడం అబద్ధం. రేపు అదే మన మెడకి చుట్టుకుంటుంది.

కొత్తగా చేరే ఆడపిల్లలకి ఒక మాట. అసలువి చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి, జిరాక్సులే ఇవ్వండి. తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే, ముట్టినట్టు జాబితాతో రసీదు తీసుకోండి.

సముద్రం దాటినవాళ్ళకి

మన కడప వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్ ఇళ్ళల్లో పనికి వెళతారు. అక్కడ యజమాని చేతిలో ఉండిపోయేది పాస్‌పోర్టు. 1967 నాటి మన పాస్‌పోర్టు చట్టం ప్రకారం అది ఎప్పటికీ కేంద్ర ప్రభుత్వం సొత్తు. పనిమనిషి ఒప్పుకోకుండా ఆమె పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని కువైట్‌లో కూడా 2015లో చట్టం చేశారు. అక్కడి మన రాయబార కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వొచ్చు. విదేశాంగ శాఖవారి 'మదద్'లో ఇక్కడి ఇంటివాళ్ళు కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. అందుకే వెళ్ళేముందు పాస్‌పోర్టు, వీసా జిరాక్సులు ఇంట్లో తప్పకుండా ఉంచి వెళ్ళాలి.

మరి మన గడప దగ్గర?

చివరగా, మనకి మనం చెప్పుకోవాల్సిన మాట. మనం కూడా యజమానులమే కదండీ! పనమ్మాయి చెప్పాపెట్టకుండా మానేస్తే ఒళ్ళు మండుతుంది, నిజమే. అడ్వాన్సు తీసుకుని ఉంటే మరీను. అయినా పెరట్లో దండెం మీదున్న ఆమె చీర, స్టోరు గదిలో దాచుకున్న డబ్బా, దేనికో అడిగి తీసుకున్న ఆధార్ కార్డు ఆమెవే. "అడ్వాన్సు తీర్చి తీసుకెళ్ళు" అంటే, ఆ స్కూలువాళ్ళకీ మనకీ తేడా ఏముంది? అడ్వాన్సు సంగతి అడగండి, తప్పకుండా అడగండి. చీర మాత్రం మడతపెట్టి, డబ్బాతోపాటు సంచిలో వేసి, ఆమె వచ్చిన రోజునే చేతికివ్వండి.