ఒంటరి యవ్వనం: అమెరికా లెక్క వేరు, కోదాడ లెక్క వేరు

గడిచిన ఏడాదిలో ఒక్కసారి కూడా లైంగిక సంబంధం లేదని చెప్పిన 18-24 ఏళ్ల యువకులు అమెరికాలో 2000-2002 మధ్య 18.9 శాతం. 2016-2018 నాటికి వాళ్లు 30.9 శాతమయ్యారు. అదే వయసు యువతుల్లో ఈ పెరుగుదల 15.1 నుంచి 19.1 దాకానే. 2020 జూన్‌లో ‘జామా నెట్‌వర్క్ ఓపెన్’ అనే వైద్య పత్రిక ఈ అంకెలను ప్రచురించింది. జపాన్‌లో 2015 ప్రభుత్వ సర్వే ప్రకారం 18-34 ఏళ్ల పెళ్లికాని మగవారిలో 42 శాతం మందికి లైంగిక అనుభవమే లేదు.

ఈ అంకెలు ఇప్పుడు మన ఫోన్లలోకీ వచ్చేశాయి. సూర్యాపేటలో పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాడు కూడా రాత్రిపూట వీడియోల్లో ఇవే వింటున్నాడు. డేటింగ్ యాప్‌లే కారణమని ఒకరు, అమ్మాయిల ఆశలు పెరిగిపోయాయని ఇంకొకరు చెబుతుంటే తన ఒంటరితనానికీ అదే కారణం అనుకుంటున్నాడు. అంకెలు నిజమే. కానీ వాటి వెనకున్న కారణాలు సూర్యాపేటకూ, కోదాడకూ, మిర్యాలగూడకూ సరిపోవు. ఇక్కడి లెక్క విడిగా కట్టాలి.

ముందు మన దేశపు అంకెలు చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 25-49 ఏళ్ల మగవారి మొదటి లైంగిక అనుభవపు మధ్యస్థ వయసు 24.8 ఏళ్లు. అంటే సగం మందికి ఆ వయసులోపు, మిగిలిన సగం మందికి ఆ తర్వాత. అదే మగవారి మొదటి పెళ్లి మధ్యస్థ వయసు 24.9 ఏళ్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికం కాదు. మన దగ్గర మగపిల్లల్లో ఎక్కువమందికి ఈ తలుపు పెళ్లితోనే తెరుచుకుంటుంది. 2015-16 సర్వేలో మొదటి అనుభవపు వయసు 24.3. ఒక సర్వేకీ మరో సర్వేకీ మధ్య అర ఏడాది ఆలస్యమైంది.

పెళ్లికి ముందు అసలేమీ లేదని కాదు. 2006-07లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 15-24 ఏళ్ల వారిని అడిగితే, పెళ్లికి ముందు లైంగిక సంబంధం ఉందని చెప్పినవారు అబ్బాయిల్లో 15 శాతం, అమ్మాయిల్లో 4 శాతం. అబ్బాయిలు ఎక్కువ చేసి చెప్పి ఉండొచ్చు. అమ్మాయిలు దాచి ఉండొచ్చు, దాచక తప్పని పరిస్థితి కూడా. ఎలా చూసినా, అడిగిన వందమంది అబ్బాయిల్లో ఎనభై అయిదుగురు లేదనే చెప్పారు. డేటింగ్ సంస్కృతి కుప్పకూలడం వల్ల అమెరికా కుర్రాడు ఒంటరివాడయ్యాడని అనుకున్నా, కోదాడ కుర్రాడికి కూలిపోవడానికి అలాంటి సంస్కృతే లేదు. అతను ఎదురుచూస్తున్నది పెళ్లి సంబంధం కోసం. ఆ సంబంధం ఏటికేడు ఆలస్యమవుతోంది. కేంద్ర గణాంక శాఖ 2022లో విడుదల చేసిన ‘యూత్ ఇన్ ఇండియా’ నివేదికలో అవివాహిత యువకుల వాటా 2011లో 20.8 శాతం ఉంటే 2019 నాటికి 26.1 శాతానికి చేరింది.

ఎందుకు ఆలస్యమవుతోంది? ఊళ్లో ఎవరినడిగినా ఒకటే మాట: ‘పిల్ల దొరుకుతలేదు.’ ఈ మాటలో సగం నిజం ఉంది. ఆ సగాన్ని జాగ్రత్తగా లెక్కకట్టాలి.

ఈ మూడు ఊళ్లున్న ఉమ్మడి నల్లగొండ జిల్లాలో 2011 జనాభా లెక్కల ప్రకారం వెయ్యి మంది మగవారికి 983 మంది ఆడవారు. చూడ్డానికి పెద్ద తేడా లేదు. కానీ ఇందులో అవ్వలూ తాతలూ అందరూ ఉన్నారు, ఆడవారు ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి వయసు పైబడినవారి దగ్గర లెక్క సర్దుకుంటుంది. పెళ్లీడు లెక్క తెలియాలంటే పసిపిల్లల అంకె చూడాలి. ఆరేళ్లలోపు పిల్లల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మంది మగపిల్లలకు 2001లో 961 మంది ఆడపిల్లలే ఉన్నారు. 2011 నాటికి 939కి పడిపోయారు. 2001 నాటి ఆ పసిపిల్లలే ఇప్పుడు పెళ్లి సంబంధాలు చూస్తున్నవాళ్లు. 2011లో ఉమ్మడి నల్లగొండ అంకె 923. ఆ పిల్లలు ఇంకా ఇంటర్లో, డిగ్రీలో ఉన్నారు. అంటే అసలు కరువు ఇంకా రాలేదు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మగపిల్లవాడు తనకంటే నాలుగైదేళ్లు చిన్నదాన్ని చేసుకోవడం మన ఆనవాయితీ. కానీ తెలుగు నేల మీద కాన్పులు వేగంగా తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు 1992-93లో 2.59 ఉంటే 2005-06 నాటికి 1.79. ప్రతి తరం తన ముందు తరం కంటే చిన్నదవుతున్నప్పుడు, పెద్ద వయసు మగవాళ్లు చిన్న వయసు ఆడపిల్లల కోసం వెతికితే అంకె కుదరదు. కాగితం మీద వేసి చూద్దాం. ఒక ఏడాది పుట్టిన మగపిల్లలు 1000 మంది, ఆడపిల్లలు 961 మంది అనుకోండి. కాన్పులు ఏటా ఒకటిన్నర శాతం తగ్గాయనుకోండి. నాలుగేళ్ల తర్వాత పుట్టే ఆడపిల్లలు సుమారు 905 మంది. అంటే 95 మంది మగపిల్లలకు జోడీ ఉండదు. వాళ్లు మాయమైపోరు, వచ్చే ఏడాది ఈడుకొచ్చే మగపిల్లలతో కలిసి మళ్లీ వరుసలో నిలబడతారు. అయిదేళ్లలో ఆ మిగులు సుమారు 460. ముప్పై రెండేళ్ల కొడుకును చూసి తల్లి ‘ఈడు దాటిపోతోంది’ అని దిగులుపడటం వెనక ఉన్న గణితం ఇదే.

ఈ కొరతను ఎవరు తెచ్చారో కూడా చెప్పుకోవాలి. పిండ లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చింది. అయినా 2001 నుంచి 2011 దాకా ఆడపిల్లల అంకె దిగుతూనే వచ్చింది. కొడుకే కావాలనుకున్న ఇళ్లే నేడు ఆ కొడుక్కి పెళ్లాం కోసం తిరుగుతున్నాయి.

‘పిల్ల దొరుకుతలేదు’ అనే మాటలో మిగతా సగం అంకెల కొరత కాదు, వడపోత. అందరికంటే ముందు ఆగిపోతున్నది ఎవరో చూస్తే ఇది తెలుస్తుంది. 2017లో తెలంగాణ బ్రాహ్మణ సంక్షేమ పరిషత్ ఆలయ అర్చకులను పెళ్లాడే యువతులకు 3 లక్షల రూపాయలు ఇస్తామని ప్రకటించాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో కర్ణాటకలోని మండ్యలో పెళ్లికాని యువ రైతులు మలె మహదేశ్వర కొండకు పాదయాత్ర చేశారు. మండ్య కావేరి నీళ్ల చెరకు పొలాల ఊరు, మిర్యాలగూడ సాగర్ ఎడమ కాలువ కింది వరి పొలాల, రైస్ మిల్లుల ఊరు. రెండుచోట్లా ఒకనాడు ‘మాగాణి ఉన్న పిలగాడు’ అంటే ఆడపిల్ల తండ్రి వెంటనే లేచి వచ్చేవాడు. ఇప్పుడు బయోడేటాలో ఎకరాలకంటే ముందు ఉద్యోగం చూస్తున్నారు.

ఉద్యోగం దగ్గరే అమెరికా లెక్కా, మన లెక్కా ఒకచోట కలుస్తాయి. అమెరికా అధ్యయనంలో తక్కువ ఆదాయం ఉన్న, ఉద్యోగం లేని, అరకొర పని ఉన్న మగవారే ఒంటరిగా మిగిలే అవకాశం ఎక్కువ. ఆ పెరుగుదల కూడా ప్రధానంగా పెళ్లికాని మగవారిలోనే కనిపించింది. మన దేశంలో 2023-24 శ్రామిక సర్వే ప్రకారం 15-29 ఏళ్ల వారిలో నిరుద్యోగం 10.2 శాతం. తెలంగాణలో అంతకంటే ఎక్కువే. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం, పరీక్ష కోసం, ఫలితం కోసం, ఆపై కోర్టు తీర్పు కోసం ఎదురుచూస్తూ ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిది దాకా గడిపేసిన కుర్రాళ్లు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు. ఆ ఆరేళ్లూ చదువుకే కాదు, తోడుకూ విరామమే.

అమ్మాయిలు ఎందుకు వెనకాడుతున్నారన్నదానికి కూడా అంకెలున్నాయి. తెలంగాణలో ఉన్నత విద్యలో స్థూల నమోదు 2021-22లో 40 శాతం. చదువుకున్న అమ్మాయి జాతీయ రహదారి 65 మీద బస్సెక్కి హైదరాబాద్ వెళ్లిపోతోంది, అక్కడ సొంత జీతం కళ్లజూస్తోంది. తిరిగి అత్తగారింటికి వస్తే ఏముంటుంది? 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనికి మహిళలు రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే మగవారు 88 నిమిషాలు పెడుతున్నారు. ఆమె ఆచితూచి అడుగేయడాన్ని గర్వమంటే తప్పు. అయిదు గంటలకూ గంటన్నరకూ మధ్య తేడా ఆమెకు తెలుసు. తల్లిని చూస్తూ పెరిగింది.

అన్ని వడపోతలకంటే గట్టిది కులం. భారత మానవాభివృద్ధి సర్వే 2011-12 ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు దాదాపు 5 శాతమే. ప్యూ పరిశోధన కేంద్రం 2019-20లో అడిగితే, తమ వర్గపు ఆడవాళ్లు కులాంతర వివాహం చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని 64 శాతం మంది భారతీయులు చెప్పారు. ఇంతకుముందు వేసిన 905, 1000 లెక్కను ఇప్పుడు కులాలవారీగా, శాఖలవారీగా, గోత్రాలవారీగా ముక్కలు చేయండి. చిన్న కులంలో, ఒకే మండలంలో, ఒకే ఏడాదిలో ఈడైన అమ్మాయిలు నలుగురైదుగురు మాత్రమే ఉంటే ఒక్క సంబంధం తప్పినా ఏడాది పోయినట్టే. పక్క వీధిలో ఒకరినొకరు ఇష్టపడే ఇద్దరున్నా ఆ లెక్కలోకి రారు.

కులం దాటి వచ్చినవాళ్లకు ఏం జరిగిందో మిర్యాలగూడకు తెలుసు. 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడి పెళ్లి చేసుకునే మేజర్లను కాపాడటానికి ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని, రక్షణ గృహాల ఏర్పాటునూ పరిశీలించాలని చెప్పింది. ఆరు నెలలు తిరక్కుండానే, సెప్టెంబర్ 14న, మిర్యాలగూడలో ఒక ఆసుపత్రి బయట కులాంతర వివాహం చేసుకున్న ప్రణయ్‌ను గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. అతను దళితుడు. ప్రధాన నిందితుడైన అమ్మాయి తండ్రి విచారణ సాగుతుండగానే 2020 మార్చిలో చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించింది. ఆ తీర్పుకు నెలన్నర ముందే, 2025 జనవరిలో, కులాంతర వివాహం చేసుకున్న మరో దళిత యువకుడి శవం సూర్యాపేట శివార్లలో కాలువ కట్ట మీద దొరికింది. ఈ ఊళ్లలో ప్రేమించాలంటే అబ్బాయికి మొదట గుర్తొచ్చేది ఈ వార్తలే. ఏ సర్వే ప్రశ్నపత్రంలోనూ ఈ భయానికి గడి లేదు.

ఫోన్ సంగతి క్లుప్తంగానే చెబుతాను. 2016లో డేటా చవకైన తర్వాత అశ్లీల వీడియోలు, డేటింగ్ యాప్‌లు ప్రతి గదిలోకీ వచ్చాయి. కానీ యాప్‌లో పేరు నొక్కినంత మాత్రాన కలుసుకునే చోటు రాదు. సూర్యాపేట సద్దుల చెరువు కట్ట మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే అరగంటలో ఇంటికి కబురు చేరుతుంది. ఫోన్ ఒంటరితనాన్ని కొంత మరపిస్తుంది, కొంత పెంచుతుంది. దాన్ని పుట్టించింది మాత్రం ఫోన్ కాదు. ఈ విషయంలో దిగులు ముదిరి నిద్ర పట్టనివారు గోడల మీది ‘రహస్య వ్యాధుల’ ప్రకటనల వెంట పడొద్దు. ప్రభుత్వ టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే ఉచితంగా మాట్లాడొచ్చు.

చేయాల్సిన పనులు కళ్లముందే ఉన్నాయి. షెడ్యూల్డ్ కులాలవారిని వేరే కులంవారు పెళ్లాడితే రాష్ట్రం రెండున్నర లక్షలు ప్రోత్సాహకం ఇస్తోంది. ఆ డబ్బుకంటే ముందు కావాల్సింది ప్రాణానికి భరోసా. సుప్రీంకోర్టు చెప్పిన రక్షణ గృహం ఎక్కడుందో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో సూర్యాపేట, నల్లగొండ కలెక్టరేట్ల గోడల మీద, బస్టాండ్లలో, డిగ్రీ కాలేజీల నోటీసు బోర్డుల మీద పెద్దక్షరాలతో రాయించాలి. అబ్బాయిల తల్లిదండ్రులను అడిగేది ఒకటే: కొడుక్కి వంటా, గిన్నెలు తోమడమూ నేర్పండి, బయోడేటాలో కులం గడిని ఖాళీగా వదలండి. మేజరైన కూతురు ఎవరినైనా ఇష్టపడ్డానని చెబితే, ఆ రాత్రికి ఏ బంధువుకూ ఫోన్ చేయకుండా, ముందు ఆమె చెప్పేది పూర్తిగా వినండి.